రెండు పూటల గంజి

హుల్సూర్,
జూన్ 4

తమ్ముడు నర్సప్పకు,

అక్క తాయవ్వ ఆశీర్వదించి రాస్తున్నది. నిన్న నువ్వు ఫోన్ చేస్తే మా కోడలు అంబమ్మ దాన్ని నా చెవికి ఆనించి పట్టుకుంది. నువ్వేదో గొణిగావు. నాకు "రైల్వే గేటు" అని వినబడింది. ఏమన్నాడే అని అడిగితే, "రాయిలెక్క గట్టిగున్న అంటుండు అత్తా" అన్నది. మంచం దిగని మనిషి రాయిలా ఎలా ఉంటాడా అని ఆలోచిస్తూ పెనం మీది రొట్టె మాడబెట్టాను.

నా చెవులు ఇక బాగుపడవు. ఫోన్లో అరిచి లాభం లేదు. కళ్ళు మాత్రం బాగున్నాయి. చిన్నప్పుడు నాన్న పలక మీద దిద్దించిన తెలుగు అక్షరాలు మనిద్దరికీ ఇంకా గుర్తున్నాయి కదా, ఉత్తరం రాయి.

జనవరిలో స్కూటర్ మీది నుంచి పడ్డావు. తుంటి విరిగింది, రాడ్డు వేశారు. మూడు నెలల్లో వాకర్ పట్టుకొని ఇల్లంతా తిరుగుతాడని డాక్టర్ చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఇప్పుడు అయిదో నెల. నీ కోడలు విద్య మా అంబమ్మకు ఫోన్ చేసి, నువ్వు పొద్దున ఒక గిన్నె జొన్న గంజి, రాత్రికి ఒక గిన్నె జొన్న గంజి తప్ప ఇంకేమీ ముట్టడం లేదని చెప్పిందట. ఎందుకు? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు రాయి. మిగతా కబుర్లు తర్వాత.

నీ అక్క,
తాయవ్వ

*

నౌబాద్, బీదర్,
జూన్ 13

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. నేను బాగున్నాను. మావాడు బసవరాజ్ పొద్దున ఏడింటికి ఫ్యాక్టరీకి పోతాడు, రాత్రి ఎనిమిదింటికి వస్తాడు. విద్య ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. ఇద్దరూ నన్ను బాగా చూసుకుంటున్నారు.

గంజి సంగతి అడిగావు. ఎండలు మండిపోతున్నాయి. ఈ వేడికి గంజి చలవ చేస్తుంది. పైగా కింది పళ్ళు నాలుగు కదులుతున్నాయి. పప్పు తింటే కడుపు ఉబ్బుతుంది. మా ఎదురింటి గాలయ్య రోజూ మధ్యాహ్నం వచ్చి కూర్చుంటాడు. "డెబ్బై దాటినంక తేలిక తిండే తినాలె నర్సప్పా" అని ఆయన కూడా అన్నాడు. ఆయన అనుభవం ఉన్న మనిషి.

అయినా అక్కా, ఇప్పుడు నాకు బలంతో పనేముంది? ముప్పై రెండేళ్ళు బస్సు స్టీరింగు తిప్పాను. అప్పుడు తిన్నాను. మంచం మీద పడుకున్న మనిషికి ఒంట్లో ఖర్చయ్యేది ఏముంటుంది?

నా గురించి పరేషాన్ పడకు.

నీ తమ్ముడు,
నర్సప్ప

*

హుల్సూర్,
జూలై 1

నర్సప్పకు,

ఒక ప్రశ్న అడిగితే నాలుగు జవాబులు రాశావు. నిజం చెప్పేవాడికి ఒకటి చాలు.

ఎండ అన్నావు. మృగశిర దాటి వానలు పడుతున్నాయి, మా పెరట్లో పుంటికూర మోకాలెత్తు పెరిగింది. పళ్ళు అన్నావు. పప్పును నాలుగు గంటలు నానబెట్టి మెత్తగా ఉడికిస్తే నమలాల్సిన పనే లేదు, పళ్ళు రాని పిల్లలు తింటున్నారు. కడుపు ఉబ్బుతుందన్నావు. పెళ్ళిళ్ళలో బకెట్ పక్కన కూర్చొని పప్పు తిన్నవాడివి. ఇక ఆ గాలయ్య ఎవరో నాకు తెలియదు, ఏం చదివాడో కూడా తెలియదు. ఆయన్ని నాకొక ఉత్తరం రాయమను, మాట్లాడతాను.

మా పొలం కందిపప్పు అయిదు కిలోలు, పుట్నాలు, పల్లీ ఉండలు ఒక డబ్బా పంపుతున్నాను. బీదర్ బస్సు కండక్టర్‌కు అప్పగించాం, బసవరాజ్‌ను స్టాండుకు పోయి తెచ్చుకోమని చెప్పు. గుడ్డు తింటావు కదా, రోజుకు రెండు ఉడకబెట్టమని విద్యకు అంబమ్మ చెప్పింది. తిను. తిని, మంచం దిగు. ఈ వయసులో నాతో ఇంత కోపంగా రాయించకు.

తాయవ్వ

*

నౌబాద్,
జూలై 19

అక్కకు,

పప్పు అందింది. మంచి పప్పు. గుడ్లు కూడా ఉడుకుతున్నాయి. అవి వృథా కావడం లేదు, ఆ విషయంలో నువ్వు నిశ్చింతగా ఉండు.

నీ పుణ్యమా అని ఇంటికి ఇంకో తకరారు వచ్చింది. విద్య దవాఖానలో అడిగి, వ్యాయామం చేయించే రాహేలు అనే ఆమెను పిలిపించింది. నలభై ఏళ్ళుంటాయి, సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం మా పాత డిపో మేనేజర్ గొంతు. వస్తూనే విద్య మెడలో ఉన్న కుట్టు టేపు అడిగి తీసుకొని నా పిక్క చుట్టూ చుట్టింది. ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు వచ్చింది.

"తాతా, ఇది కాలా, కర్రా?" అన్నది.

"ముసలితనంల అందరికీ గింతే ఉంటది" అన్నాను.

"అందరికీ ఉండదు. పండుకుంటే కండ కరుగుతది. తినకుంట పండుకుంటే ఇంక జల్ది కరుగుతది. గంజిల ఏముంది? కండ పెంచేది అండ్ల ఎక్కడిది?" అని మొదలుపెట్టింది. వయసులో ఉన్నవాళ్ళకన్నా మాలాంటి వాళ్ళకు పప్పు, గుడ్డు, పెరుగు, శనగలు ఎక్కువే కావాలట. అదీ రాత్రి ఒక్కసారే కాదు, మూడు పూటలా సమంగా తినాలట. నెత్తురు పరీక్షలో నా కిడ్నీలు బాగానే ఉన్నాయి, కాబట్టి భయం లేదన్నది. తినడం ఒక్కటే చాలదట, కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం రోజూ చేయాలట. చేతులు కట్టుకొని కుర్చీలోంచి అయిదుసార్లు లేవమన్నది. నేను ఒక్కసారి కూడా లేవలేకపోయాను. విద్య చూస్తూ నిలబడింది. ఆమె ముందు ఈ పరీక్ష పెట్టాల్సిన అవసరం ఏముందో నాకు అర్థం కాలేదు.

రాహేలు వారానికి రెండుసార్లు వస్తానన్నది. రావద్దన్నాను. వస్తానన్నది.

నర్సప్ప

*

హుల్సూర్,
ఆగస్టు 10

నర్సప్పా,

నువ్వు వాకిలి మెట్టు దగ్గర పడ్డావట. తలకు మూడు కుట్లు, ఒక రోజు సెలైను. విద్య చెబితే తెలిసి, నువ్వు కూడా రాస్తావేమోనని పన్నెండు రోజులు ఎదురుచూశాను. రాయలేదు. నీ గుడ్లు వృథా కాని సంగతి కూడా తెలిసింది. రోజూ మధ్యాహ్నం రెండు గుడ్లూ గాలయ్య తింటున్నాడట కదా. అందుకే కాబోలు ఆయనకు నీ తేలిక తిండి అంత బాగా నచ్చింది.

కోపం వచ్చి ఈ కాగితం ఒకసారి చించేశాను. ఇది రెండోది. ఇందులో ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట రాస్తున్నాను.

మీ బావకు పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయాక ఎనిమిది నెలలు బతికాడు. అందరూ తేలికగా పెట్టమన్నారు. నేను గంజి, పల్చని మజ్జిగ పోశాను. పప్పన్నం కలిపి పెట్టబోతే ఆయన వద్దని తల తిప్పేవాడు. జబ్బు మనిషిని బలవంతపెట్టడం ఎందుకులే అని ఊరుకునేదాన్ని. అది ప్రేమ అనుకున్నాను. మొదటి నెలలో గోడ పట్టుకొని లేచేవాడు. నాలుగో నెలలో నేను లేపితే లేచేవాడు. ఆరో నెలకు పక్కకు ఒత్తిగిల్లడానికి కూడా నన్ను పిలిచేవాడు. ఒకరోజు స్నానం చేయిస్తుంటే ఆయన ఎడమ తొడ నా రెండు చేతుల్లో ఇమిడిపోయింది. అది మంచి కాలు, నర్సప్పా. జబ్బు తీసుకుపోయింది ఒక కాలునే. రెండోదాన్ని నా గంజి తీసుకుపోయింది.

పోయిన తర్వాత డాక్టర్ నాతో, "కొంచెం గట్టి తిండి పెట్టి, రోజూ లేపి నిలబెట్టి ఉంటే ఇంత తొందరగా మంచాన పడేవాడు కాదు" అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు. నేను మాత్రం అప్పటినుంచి ఏ ఇంట్లో గంజి వాసన వచ్చినా లేచి బయటికి వచ్చేస్తున్నాను.

నువ్వు నీ ఇష్టంతో ఆ దారిలో పోతున్నావు. సాకులు నాకు వద్దు. ఎందుకు తినడం లేదో నిజం రాయి. రాయకపోతే నేను ఇక నీకు రాయను.

తాయవ్వ

*

నౌబాద్,
ఆగస్టు 19

అక్కా,

బావ సంగతి నాకు తెలియదు. ఇన్నేళ్ళూ నువ్వు ఒక్క మాట అనలేదు.

అడిగావు కనుక రాస్తున్నాను. చదివి చించెయ్.

మా పాయఖానా వాకిలి చివర ఉంది. ఇంట్లోంచి రెండు మెట్లు దిగాలి. లోపల గొంతుక్కూర్చునేది. రాడ్డు వేసిన కాలు అలా మడవదు. ఎవరో ఒకరు పట్టుకొని తీసుకుపోవాలి, సగం వంచి పట్టుకోవాలి, మళ్ళీ లేపాలి. ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక వారం రోజులు బసవరాజ్ సెలవు పెట్టాడు. ఎనిమిదో రోజు వాడు పనికి పోయాడు. మధ్యాహ్నం నాకు ఆగలేదు.

విద్య తీసుకుపోయింది. కొంగు నడుముకు చెక్కి, నా చేయి తన మెడ మీద వేసుకొని మోసినట్టే మోసింది. నన్ను పట్టుకుంది. కడిగింది. విసుక్కోలేదు, మొహం తిప్పుకోలేదు. తిప్పుకొని ఉంటే కొంచెం నయంగా ఉండేదేమో. ఈ ఇంటికి వచ్చి పదకొండేళ్ళయింది, ఇప్పటికీ నా ముందు కుర్చీలో కూర్చోని పిల్ల. మంచం మీదికి తెచ్చి పడుకోబెట్టాక గోడవైపు తిరిగాను. మళ్ళీ ఈ పని ఆమె చేత చేయించనని అప్పుడే అనుకున్నాను.

డ్రైవర్లకు ఒక నేర్పు ఉంటుంది. ఎంత తింటే, ఎన్ని గుక్కలు తాగితే దారిలో ఎక్కడ బండి ఆపాల్సి వస్తుందో తెలుస్తుంది. హైదరాబాద్ దాకా ఆపకుండా నడిపినవాణ్ణి. పొద్దున గిన్నెడు గంజి, రాత్రి గిన్నెడు గంజి, రోజంతా మూడు గ్లాసుల నీళ్ళు. అంతే తీసుకుంటే పొద్దున ఆరింటికి ఒకసారి, రాత్రి ఎనిమిదిన్నరకు ఒకసారి పోతే చాలు. రెండుసార్లూ బసవరాజ్ ఇంట్లో ఉంటాడు. ఏడు నెలలు ఈ లెక్క తప్పలేదు.

పడ్డ రోజు నువ్వు పంపిన పప్పు వాసనకు ఆశపడి గిన్నెడు తిన్నాను. లెక్క తప్పింది. విద్య మిషన్ మీద ఉంది. పిలవకుండా వాకర్ పట్టుకొని బయలుదేరాను. మెట్టు దగ్గర కళ్ళు తిరిగాయి.

ఇదీ నిజం. విద్యకు చెప్పకు. నా మీద ఒట్టు.

నర్సప్ప

*

హుల్సూర్,
ఆగస్టు 27

నర్సప్పకు,

చెప్పేశాను.

నీ ఉత్తరం అంబమ్మ చేత విద్యకు ఫోన్లో మొత్తం చదివించాను. ఒట్టు వేసేటప్పుడు ఎదుటివాళ్ళను అడిగి వేయాలి. నేను ఒప్పుకోలేదు.

ఏడు నెలలు! నోరు తెరిచి ఒక మాట అంటే అయిపోయేదానికి ఒళ్ళంతా కరగబెట్టుకున్నావు. నీకు సిగ్గు ఎక్కువైందని నాకు తెలుసు. బుద్ధి ఎంత తక్కువైందో ఇప్పుడు తెలిసింది.

కోపం వస్తే రానీ. తిని కోప్పడు.

తాయవ్వ

*

నౌబాద్,
సెప్టెంబర్ 3

అక్కా,

నిన్ను నమ్మి రాశాను. ఇక నాకు ఉత్తరాలు రాయవద్దు. నేనూ రాయను.

నర్సప్ప

*

నౌబాద్,
సెప్టెంబర్ 28

అక్కకు,

రాయనన్నాను. కానీ జరిగింది చెప్పుకోవడానికి నువ్వు తప్ప ఇంకెవరూ కనబడలేదు. గాలయ్యతో చెబితే బస్తీ అంతా చెబుతాడు.

నువ్వు ఫోన్ చేయించిన రోజు విద్య ఏమీ అనలేదు. మరుసటి రోజూ అనలేదు. మూడో రోజు మధ్యాహ్నం మిషన్ ఆపి వచ్చి, నా మంచం ఎదురుగా కుర్చీ లాక్కొని కూర్చుంది. పదకొండేళ్ళలో మొదటిసారి.

"మామా, ఒక్క మాట అడుగుత. నిజం చెప్పు. నా వంట నీకు పడ్తలేదా?"

"వంట సంగతి కాదు బిడ్డా" అన్నాను.

"ఏడు నెలల సంది నేను గదే అనుకున్న. పోయిన అత్తమ్మ చేతి వంట యాదికొస్తుందేమో, నా చేతిది నోట్లె పెట్టబుద్ధి అయితలేదేమో అని. పప్పుల ఎల్లిపాయ ఎక్కువేసి చూసిన, తక్కువేసి చూసిన. పల్లెం అట్లనే వాపస్ వస్తుండె. వంటింట్ల గూసొని ఎన్నిసార్లు ఏడ్సిననో నీకు ఎరుకేనా? గీ సంగతి అని ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోతుండె?"

"సిగ్గయితది బిడ్డా" అన్నాను.

"నీకు సిగ్గయింది. మరి నేను? నువ్వు కట్టెలెక్క అయితుంటే వచ్చినోళ్ళందరు నా మొకం చూస్తుండ్రి, కోడలు తిండి పెడ్తలేదని. నిన్ను పాయఖానకు తీస్కపోవుడు ఒక పని. నడుమిరిగి పడ్డోన్ని లేపుడు ఇంక పెద్ద పని. ఏది జేయాల్నో నువ్వే చెప్పు!"

ఆమె అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అరుస్తూ అరుస్తూ ఏడ్చేసింది. నా కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. నేను ఆమె వంటకు ఎప్పుడూ వంక పెట్టలేదు అక్కా. ఎంత బాగుందో కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. నమ్మలేదు. గిన్నెలో పప్పు తెచ్చి చేతిలో పెట్టి, ఖాళీ అయ్యేదాకా కదలలేదు.

సాయంత్రం బసవరాజ్‌కు తెలిసింది. వాడు వాకిట్లోకి పోయి, పాయఖానా తలుపు తీసి, లోపల కాసేపు చూసి వచ్చాడు.

"నాయినా, ఈ మాట జనవరిల చెప్తే ఒక్క ఐతారం పని" అన్నాడు.

అన్నట్టే ఒక్క ఆదివారంలో చేశాడు. మధ్యలో రంధ్రం ఉన్న కుర్చీ ఒకటి గొయ్యి మీద నిలిపాడు. రెండు పక్కలా ఇనుప పైపులు గోడకు దించాడు. మెట్ల మీద సిమెంటుతో ఏటవాలు పోశాడు, దానికి కూడా పట్టుకోవడానికి పైపు పెట్టాడు. పైపు ఊపి ఊపి చూస్తూ, "ఏడు నెలలు, ఏడు నెలలు" అని గొణుక్కుంటూనే ఉన్నాడు. నేను విననట్టు కూర్చున్నాను.

ఇప్పుడు విద్య ఏటవాలు దాటేదాకా వెనక నడుస్తుంది. తలుపు నేనే వేసుకుంటాను.

నీ మీద కోపం ఇంకా పోలేదు. కానీ ఉత్తరం రాయి.

నర్సప్ప

*

హుల్సూర్,
అక్టోబర్ 9

తమ్ముడు నర్సప్పకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి అంబమ్మకు చదివి వినిపిస్తూ సగంలో కాగితం దాని చేతికిచ్చాను. మిగతాది అదే చదువుకుంది.

నీ కోపం నీ దగ్గరే ఉంచుకో. నేనేమీ క్షమించమని అడగడం లేదు. మళ్ళీ అలాంటిది దాస్తే మళ్ళీ చెబుతాను.

ఏడు నెలల్లో పోయిన కండ ఏడు రోజుల్లో రాదు. రాహేలు అదే అన్నదని విద్య చెప్పింది. విసుగు పుట్టి మధ్యలో మానేశావో, నేనే వచ్చి నౌబాద్‌లో కూర్చుంటాను. నాకు వినబడదు కాబట్టి నువ్వు ఏమన్నా నాకు లెక్కలేదు. మూడు పూటలా తిను. నీళ్ళు తాగు. గాలయ్యకు చాయ్ ఇవ్వండి, గుడ్లు ఇవ్వకండి.

విద్యకు నా ఆశీర్వాదాలు. ఆ పిల్ల ముందు నీకంటే నాకే ఎక్కువ సిగ్గుగా ఉంది. మన ఇంటి మగవాళ్ళకు నోరు తెరవడం మనమే నేర్పలేదు.

తాయవ్వ

*

నౌబాద్,
డిసెంబర్ 14

అక్కకు నమస్కారాలు.

రెండు నెలలు రాయలేదని తిట్టకు. రాహేలు ఊపిరి సలపనివ్వడం లేదు. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం పొద్దున పది, సాయంత్రం పది. మొదట్లో చేతులు ఆనించి లేచేవాణ్ణి. ఇప్పుడు చేతులు కట్టుకొని ఆరుసార్లు లేస్తున్నాను. ఏడోసారికి తొడలు వణుకుతాయి. "వణికితేనే పనిచేస్తున్నట్టు తాతా" అంటుంది. వణికేది ఆమె తొడలైతే తెలిసేది. ఇసుక నింపిన సంచి చీలమండకు కట్టి కాలు చాపమంటుంది. రెండున్నర నెలలు ఇంత చేస్తే పిక్క మొన్న ఇరవై తొమ్మిదిన్నర వచ్చింది. ఒకటిన్నర సెంటీమీటరు! నేనైతే మూడైనా వస్తుందనుకున్నాను. టేపు సరిగ్గా చుట్టమని తకరారు పెట్టుకున్నాను. మూడుసార్లు కొలిచింది, మూడుసార్లూ అంతే. వాకర్ ఇంకా వదలలేదు, వదులుతానో లేదో రాహేలు కూడా చెప్పలేనన్నది.

నిన్న ఒక సంగతి జరిగింది. మధ్యాహ్నం విద్య మిషన్ మీద ఉంది. పెళ్ళివాళ్ళ జాకెట్లు, చేతినిండా పని. నాకు పోవాల్సి వచ్చింది. పిలవబోయి ఆగాను. మంచం అంచు పట్టుకోకుండా లేచాను. వాకర్ పట్టుకొని గడప దాటాను. నేను గడప దాటగానే వెనక మిషన్ ఆగిపోయింది. ఆమె రాలేదు. పిలవలేదు. మిషన్ మాత్రం ఆగిపోయింది. ఏటవాలు మీద ఒక్కో అడుగూ వేసుకుంటూ దిగాను. తలుపు తీసుకొని లోపలికి పోయి గొళ్ళెం పెట్టుకున్నాను. అప్పుడు మిషన్ మళ్ళీ మొదలైంది.

తిరిగి వచ్చేటప్పుడూ అంతే. నేను గడప లోపలికి వచ్చేదాకా ఆగి ఉంది. ఆమె తల ఎత్తి చూడలేదు. మంచం మీద కూర్చున్నాక చాలాసేపు గుండె కొట్టుకుంది. మొట్టమొదటిసారి డబుల్ డ్యూటీ చేసి బస్సు డిపోలో పెట్టి దిగినప్పుడు ఇలాగే కొట్టుకుంది.

ఈరోజు కూడా ఒక్కడినే పోయి వచ్చాను. వచ్చేసరికి ఆకలి వేసింది. మామూలు ఆకలి కాదు. వంటింట్లోకి పోయి మూత తీస్తే గిన్నె అడుగున రెండు మిరపకాయలు తప్ప ఏమీ లేదు.

"పప్పేదే?" అని అడిగాను.

"ఖతం" అన్నది.

"పొద్దుగాల గిన్నె నిండ ఉండె గదా! ఎవ్వలు తిన్నరు?"

విద్య దారం తెంపి నా మొహం చూసింది. "నువ్వే తిన్నవ్ మామా. పదింటికి ఒకపాలి, పన్నెండింటికి ఒకపాలి. ఇగ నేను జాకెట్లు కుట్టాల్నా, నీకు పప్పు వండాల్నా?" అని విసుక్కుంది. విసుక్కుంటూనే లేచి పప్పు కడిగి కుక్కర్ ఎక్కించింది.

వంటింటి ముందు కుర్చీ వేసుకొని కూర్చొని ఈ ఉత్తరం రాస్తున్నాను. రెండు విజిళ్ళు అయ్యాయి. మూడోదానికి దించుతానన్నది. నీకు ఇంకా చాలా రాయాలని ఉంది, విద్య గురించి, బసవరాజ్ గురించి.

మూడోది వచ్చింది. ఉంటాను.

నర్సప్ప